వరలక్ష్మిగారి పాటల పుస్తకంలో ఖాళీలు

నా మల్టీమీటరు మీద చెయ్యేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. మల్టీమీటరంటే కరెంటు ఎక్కడుందో ఎంతుందో చూసి చెప్పే చిన్న పెట్టె. మా వృత్తిలో దానికి మించిన దేవుడు లేడు. దాని మీద ఒట్టేసి అబద్ధమాడితే మర్నాడే ఎక్కడో షాకు కొడుతుంది. కనక నమ్మండి.

రెండు వేల ఇరవై మూడు, వానాకాలం. తాడేపల్లిగూడెంలో టీవీ రిపేరు షాపు పెట్టి అప్పటికి ఇరవయ్యారేళ్ళు. ఓ రోజు పొద్దున్నే సత్తిరాజుగారు ఫోన్ చేశారు. భీమడోలు అవతల, కొల్లేరు వైపు వాళ్ళ ఊరు. చేపల చెరువులున్న మనిషి. మామూలుగా మాట్లాడినా ఈ గట్టు మీంచి ఆ గట్టుకి పిలుస్తున్నట్టే ఉంటుంది.

"మూర్తిగారూ, మా టీవీకి సౌండ్‌బార్ ఒకటి పెట్టాలండి. పెద్దది. గోడలు అదరాలి."

"ఉన్న సౌండు చాలట్లేదాండి?"

"నాకు చాలుతుందండి. మా ఆవిడకే చాలట్లేదు. చెవులు పోయాయండి, పాపం."

ఈ చివరి ముక్క ఆయన గొంతు బాగా తగ్గించి అన్నారు. అంటే, వాళ్ళ వీధి వరకే వినపడేలా.

సౌండ్‌బార్ అంటే టీవీ కింద పెట్టుకునే పొడుగాటి స్పీకరు. అది బండికి కట్టుకుని బయల్దేరాను.

ఆ చెరువుల ఊళ్ళు తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. వానాకాలం అక్కడ లైటు వేస్తే చాలు, పురుగులు దిగుతాయి. ఒకసారి నా కళ్ళముందే, ఆరేసిన తువ్వాలు మీద వాలి, దాన్ని దండెం మీంచి లేపి పక్కింటి డాబా మీద దించాయి. పక్కింటివాళ్ళు మర్యాదస్తులు కనక మడతపెట్టి తిరిగిచ్చారు. పురుగుల కోసం బల్లులొస్తాయి. బల్లులు వెచ్చగా ఉంటుందని టీవీల్లో దూరతాయి. సత్తిరాజుగారి పాత టీవీ అలాగే పోయింది, బల్లి పవర్ బోర్డు మీద పడి. ఏడు నెలల కిందట కొత్తది కొని, ఆయనే గోడకి బిగించుకున్నారు.

నేను వెళ్ళేసరికి టీవీ మోత వీధి మలుపులోకే వచ్చి ఎదురైంది. లోపల వరలక్ష్మిగారు ఒళ్ళో నోట్‌బుక్కు పెట్టుకుని టీవీకి రెండడుగుల దూరంలో కూర్చున్నారు. పన్నెండేళ్ళుగా ఆ ఊరి ఆడవాళ్ళ కోలాటానికి పాట ఎత్తేది ఆవిడే. కొత్త పాటల్ని టీవీలో మధ్యాహ్నం వచ్చే భక్తి కార్యక్రమం విని రాసుకుంటారు. నేను టీవీ ఆపగానే పుస్తకం నా చేతికిచ్చారు.

"మీరే చూడండి."

ముందు పేజీల్లో గుండ్రటి అక్షరాలు, గీత తప్పకుండా నిండుగా ఉన్నాయి. వెనక పేజీల్లో సగం లైను, చుక్కలు, మళ్ళీ సగం లైను. పరీక్షలో ఖాళీలు పూరింపుము అని ఇస్తారే, అచ్చం అలాగ.

"రాగం తెలుస్తోందండి, మాటే అందట్లేదు. ఎంత పెంచినా నోట్లో ముద్ద పెట్టుకుని పాడుతున్నట్టుంటోంది. ఆదివారం పక్కూరి రామాలయం దగ్గర కోలాటం. ఇరవైనాలుగు మంది నా నోరు చూసి అడుగెయ్యాలి. ఖాళీలతో ఏం ఎత్తను? ఎదురింటి పద్మని ఎత్తమనేశాను."

ఆవిడ కోలాటం కర్రలు పాతచీర ముక్కలో చుట్టి బీరువా మీద పెట్టి ఉన్నాయి.

"సోమవారం ఏలూర్లో చెవుల డాక్టరు దగ్గర చీటీ రాయించానండి. మిషను పెట్టించేస్తే సరిపోతుంది," అన్నారు రాజుగారు.

"మీరాగండి. ఊరంతా తిరిగి చెప్పొచ్చారుగా, ఇంక మైకు కట్టించడం ఒక్కటే తక్కువ," అని ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళారు.

నేను సౌండ్‌బార్ పెట్టె విప్పుతుంటే ఒక స్క్రూ జారి, నేల మీద పడి దొర్లిపోయింది. వంటింట్లో స్టవ్వు బుస్సుమంటోంది.

"మూర్తిగారూ, మీ స్క్రూ ఏదో పడిందండీ. సోఫా కిందకెళ్ళినట్టుంది," అన్నారు వరలక్ష్మిగారు అక్కణ్ణించే.

నేనూ రాజుగారూ మొహాలు చూసుకున్నాం. అంతకంటే చిన్న స్క్రూ తీసి, ఈసారి కావాలనే వదిలాను.

"ఇంకోటి కూడా పడింది. చేతులు వణుకుతున్నాయేంటండీ, పొద్దున్న టిఫిను చెయ్యలేదా?"

"నాకే వినపడలేదండి!" అన్నారు రాజుగారు, ఈసారి నిజంగానే గొంతు తగ్గించి.

ఈ చెవులకి డాక్టరెందుకు? సౌండ్‌బార్ పక్కనపెట్టి టీవీ అడుగున చెయ్యి పోనిచ్చాను. గరుగ్గా కన్నాలు తగలాల్సిన చోట నున్నగా తగిలింది. సెల్లు లైటేసి చూస్తే, ఆ చివర్నించి ఈ చివరికి ప్యాకింగ్ ప్లాస్టర్, రెండు వరసలు, చక్కగా అంటించి ఉంది.

ఇప్పటి పల్చటి టీవీల్లో స్పీకరుకి ముందువైపు చోటుండదు, నేల వైపు తిప్పి పెడతారు. ఆ కన్నాలకి ప్లాస్టర్ వేస్తే ఏమవుతుందంటే, లావు శబ్దం, మేం బాస్ అంటాం, ఎలాగో తోసుకుని బయటపడుతుంది. సన్నటి శబ్దం, అంటే ట్రెబుల్, లోపలే ఉండిపోతుంది. స, త, ప లాంటివన్నీ ఆ సన్నటి జాతివి. మాటని మాటగా నిలబెట్టేవి అవే. అప్పుడు వాల్యూమ్ ఎంత పెంచినా గోల పెరుగుతుంది గానీ మాట పెరగదు.

"ఇదెవరేశారండి?" అన్నాను.

"నేనేనండి. బల్లులు దూరకుండా," అన్నారు రాజుగారు.

గుమ్మంలో వరలక్ష్మిగారు, చేతిలో కాఫీ గ్లాసులు.

"ఏడు నెలలు! ఏవండీ, ఏడు నెలలు నన్ను చెవిటిదాన్ని చేశారు కదండీ!"

"టీవీ పదికాలాలు బాగుండాలనే కదే..."

"టీవీ బాగానే ఉంది. నేనే పాడైపోయాను ఊళ్ళో!"

ప్లాస్టర్ పీకి, ఆ చోట దోమతెర గుడ్డ సాగదీసి అంటించాను. దాంట్లోంచి శబ్దం వెళుతుంది, బల్లి వెళ్ళదు. సెట్టింగుల్లో సౌండ్ మోడ్ 'సినిమా'లో ఉంటే 'క్లియర్ వాయిస్'కి మార్చి, బాస్ తగ్గించాను. వాల్యూమ్ తొంభై నుంచి పద్దెనిమిదికి దిగింది. మధ్యాహ్నం పాట వచ్చింది. ఆవిడ వెనక పేజీ తీసి, చుక్కల మీదే అక్షరాలు దిద్దుకుంటూ పోయారు, ఒక్క ముక్క ఎవర్నీ అడగలేదు. పాటయ్యాక కుర్చీ వేసుకుని బీరువా మీంచి కర్రలు దింపారు. సౌండ్‌బార్ వచ్చిన బండి మీదే తిరిగొచ్చేసింది.

ఆదివారం కోలాటానికి నేనూ వెళ్ళాను. పాట ఆవిడే ఎత్తారు. ముందు వరసలో రాజుగారు, పక్కవాళ్ళతో, "మా ఆవిడవి పాము చెవులండీ, ఆయ్!" అంటూనే ఉన్నారు, పాట వినపడనివ్వకుండా.

ఆ రోజు నుంచి ఎవరైనా టీవీలో మాట అర్థం కావట్లేదంటే, ముందు టీవీ ఒళ్ళంతా తడుముతాను. అక్కడ తప్పు దొరక్కపోతేనే డాక్టరు పేరెత్తుతాను.

ఇంక మల్టీమీటరుకి సమాధానం చెప్పుకోవాలి. తువ్వాలు ఎగిరిన సంగతి అబద్ధమనుకుంటున్నారేమో, అది నిజం. నేను కల్పించింది వేరే ఉంది. ఆ టీవీ గోడకి బిగించింది రాజుగారు కాదు, నేను. ప్లాస్టర్ అంటించిందీ నేనే. పాత టీవీల అలవాటు కొద్దీ, కింద ఉన్నవి గాలి కన్నాలే అనుకున్నాను, తిరగేసి చూడలేదు. "ఇదెవరేశారు" అని నేను అడగనూ లేదు. అడిగింది వరలక్ష్మిగారు. నాకు నోరు పెగిలేలోపు రాజుగారు నా మొహంలోకి ఒకసారి చూసి, "నేనేనే" అనేశారు. తిట్లన్నీ తలొంచుకుని తిన్నారు.

గేటు దగ్గర, "ఎందుకండీ అలా అన్నారు?" అని అడిగాను.

"నామీద కోపమైతే సాయంత్రానికి పోతుందండి. మీమీదైతే ఈ చుట్టుపక్కల ఏ ఇంటివాళ్ళూ మిమ్మల్ని టీవీ ముట్టుకోనివ్వరు."

వరలక్ష్మిగారూ, ఇది మీ కంట పడాలనే రాశాను. ఆ ఏడు నెలలూ నా ఖాతాలోవి. రాజుగారిని తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుని, నాకోసం దాచిపెట్టండి. నేనే వచ్చి పట్టుకెళతాను.