చూపించాల్సింది నా ఒక్కడి కార్డులే

ఇప్పటికి అన్నను ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగాను. వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు రాస్తే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు పడలేదు. మెట్లమీద అడిగితే తర్వాత మాట్లాడదామన్నారు. యూబాన్ రైల్లో పక్కన కూర్చుని అడిగితే, మేముండే గార్చింగ్ ఇంకా రెండు స్టేషన్లు ఉండగానే దిగిపోయారు. అందుకే రాస్తున్నాను.

ఆయన మా ఆదివారం ఆటకు పెద్ద. మా పై అంతస్తులోనే ఉంటారు. భోజనాలయ్యాక ఆయన ఫ్లాట్‌లో ఆరుగురం ఒమాహా అనే పోకర్ ఆట ఆడేవాళ్లం. మనిషికి నాలుగు కార్డులు. బల్లమీద ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి తెరుస్తారు. చేతిలోవి రెండు, బల్లమీదవి మూడు కలిపి లెక్క. పందెం సెంట్లలోనే.

మిగతా అందరిదీ రమ్మీ అలవాటు. కార్డు పూర్తిగా కుదిరేదాకా చెయ్యి కదలదు. నాకు అలా కూర్చోవడం రాదు.

చలికాలంలో ఒక ఆదివారం బల్లమీద మొదటి మూడు కార్డులుగా ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది, డైమన్ రెండు పడ్డాయి. నా చేతిలో జాకీ, పది ఇస్పేట్లు, ఏడు, ఆరు ఆఠీన్లు. రాణి నుంచి ఐదు దాకా ఏది వచ్చినా దాదాపు వరసే. ఇస్పేటు వస్తే ఐదూ ఒకే రంగు. కనపడని కార్డుల్లో సగానికి పైగా నా పక్షం, ఇంకా రెండు తెరవాలి. ఆయన పందెం వేయగానే ఉన్నదంతా ముందుకు తోశాను. బల్లమీదదానితో కలిపి ఆయనకు మూడు తొమ్మిదులున్నాయి. తర్వాత వచ్చినవి రాజు, మూడు, రెండూ ఎర్రవి. ఓడాను.

"ఏంది తమ్మీ, లైఫ్ పడకముందే షో కొట్టినవ్?" అన్నారాయన.

"ఇది రమ్మీ కాదన్నా. నాకు పనికొచ్చే కార్డులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి."

"లెక్కలు నీ ప్రొఫెసర్‌కి చెప్పు. ఇయ్యాల్టి నుంచి నీ పేరు రాంగ్ షో."

రమ్మీలో లైఫ్ అంటే జోకర్ లేని వరస, అది లేకుండా ఆట చూపితే రాంగ్ షో. అందరూ నవ్వారు. కొత్తగా చేరిన కుర్రాడు కూడా నన్ను "రాంగ్ షో అన్నా" అనే పిలుస్తాడు. అంతటితో ఆగలేదు. రెయిజ్ చేసినవాడు, అంటే పందెం పెంచినవాడు, ఆట ముగిశాక కార్డులు చూపాలని ఆయన రూలు పెట్టారు. అడిగింది మాత్రం ప్రతిసారీ నన్నే. నేను దేనిమీద ఎగబడతానో అందరికీ తెలిసిపోయింది. ఇక నా ఆట ఏం మిగిలింది?

వసంతంలో ఒకరోజు ఆయనే గట్టిగా రెయిజ్ చేశారు. రెండు జతలుండి కూడా నేను కార్డులు పడేసి దిగిపోయాను, మిగతావాళ్లూ దిగిపోయారు. ఆయన కార్డులు పేకలో కలపబోయారు.

"అన్నా, చూపించండి."

"నాకు లైఫ్ ఉంది తమ్మీ. నమ్మకం లేదా?"

చెయ్యి చాచి ఆయన కార్డులు తిప్పేశాను. ఒక్క జత కూడా లేదు. సగం వరస, సగం రంగు. అచ్చం నాలాగే.

"ఎదుటోడి కార్డులు ముట్టుకుంటావా బ్రో? మేనర్స్ లేదా?" అని మిగతావాళ్లు నామీదే పడ్డారు. ఆయన టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. మరుసటి ఆదివారం నుంచి నాకు పిలుపు లేదు. పైన కుర్చీలు జరిగిన చప్పుడు వినపడుతుంది. గదిలో ఉండలేక మ్యూనిక్ దాకా రైలెక్కి, పనేమీ లేకుండా తిరిగొస్తాను.

మీ కార్డులు ముట్టుకోవడం తప్పే అన్నా, ఒప్పుకుంటున్నాను. మరి ఆ రోజు మీరు చేసిన రెయిజ్ తప్పా, ఒప్పా? ఒప్పయితే నాదీ ఒప్పే. ఈ ఆదివారం భోజనాల వేళకు వచ్చి తలుపు కొడతాను. తలుపు తీసి, అందరి ముందూ జవాబు చెప్పండి.