సీనరీ అంటే రెండు కొండలేనా?

మా చిన్నప్పుడు ‘సీనరీస్’ అనే మాట లేదు కిరణూ... ఇప్పుడూ లేదు. పొద్దున ఫ్యామిలీ గ్రూపులో "టీచర్‌కు నచ్చే సీనరీస్ ఫోన్‌లో చూసి గీసెయ్యమను" అని పెట్టినవు కదా, అందులో తప్పులు రెండు. మొదటిది గ్రామర్. సీన్లు ఎన్నైనా ఉంటాయి, మనింట్లోనే రోజుకు రెండు అవుతాయి. సీనరీ మాత్రం ఎంతున్నా ఒక్కటే. ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన తల్లి కడుపున పుట్టి... పోనీ.

రెండో తప్పు పెద్దది. అందుకే గ్రూపులో కాకుండా ఇక్కడ అందరి ముందు పెడుతున్న.

మా మనవరాలు సిరి, కిరణ్ కూతురు, మూడో తరగతి. స్కూల్లో సీనరీ గీసుకు రమ్మన్నారు. పిల్ల బాల్కనీలో కూర్చుని కళ్ళకు కనబడిందే గీసింది... మా ఖాజాగూడ బండలు, వెనక అద్దాల బిల్డింగులు, పైన ఒక క్రేన్. టీచరమ్మ ఎర్ర పెన్నుతో "ఇది సీనరీ కాదు, మళ్ళీ గీయాలి" అని రాసి పంపింది. రెండు కొండలు, నడుమ సూర్యుడు, వాగు, గుడిసె, కొబ్బరిచెట్టు ఉండాలట.

నిన్నటి నుంచి పిల్ల ముఖం ముడుచుకుని కూర్చుంది. "నానమ్మా, గుడిసె ఎట్లుంటది?" అని మాత్రం అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఈ ముచ్చట నాకు కొత్త కాదు...

నేను ఖాజాగూడలోనే పుట్టి పెరిగిన. ఏడో తరగతిలో ఇంగ్లీషు సారు సీనరీ మీద పది వాక్యాలు రాయమన్నారు. మా బండల గురించి రాసిన. కాగు మీద కాగు బోర్లించినట్టు ఉంటాయని, వాన పడితే నల్లగా నిగనిగలాడతాయని, ఎండాకాలం మా అమ్మ మిరపకాయలు ఆరబోస్తే బండంతా ఎర్రబడుతుందని...

సారు క్లాసంతా వినేటట్టు చదివి, "రాళ్ళు సీనరీ ఎట్లయితయే? ఊటీ గురించి రాయి" అన్నారు. అందరూ నవ్విన్రు. ఊటీ నేను చూడలేదు. సారూ చూడలేదు. బండల కాగితం చింపేసి ఊటీ రాసిన... పదికి పది.

తర్వాతెప్పుడో డిక్షనరీ తెరిస్తే... ఒక చోట చుట్టూ ఉండే కొండా గుట్టా చెట్టూ నీళ్ళూ చూడముచ్చటగా ఉంటే అదే సీనరీ. కొబ్బరిచెట్టు తప్పనిసరి అని ఎక్కడా లేదు. ఇంకో అర్థం, నాటకాల్లో వెనక కట్టే బొమ్మల తెర. మనవాళ్ళు ఆ తెరనే పట్టుకున్నారు.

అమ్మ మిరపకాయలు ఆరబోసిన బండను పగలగొట్టి చాన్నాళ్ళయింది. అక్కడిప్పుడు కార్లు పెట్టుకునే సెల్లార్. దాని గురించి రాసిన ఒక్క కాగితాన్నీ నా చేత్తో నేనే చింపుకున్న... సిరి బొమ్మను మాత్రం చింపనియ్య. సోమవారం నేనే స్కూలుకు పోయి టీచరమ్మతో మాట్లాడత. మర్యాదగానే.

మీ కిటికీలోంచి ఏం కనబడుతుందో, ఒకప్పుడు ఏం కనబడేదో కింద రాయండి... నీళ్ళ ట్యాంకరైనా సరే.

కిరణూ, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు బూడిద రంగు క్రేయాన్లు విడిగా మూడు పట్టుకురా. సిరి మళ్ళీ బండలే గీస్తున్నది, సగంలోనే రంగు అయిపోయిందట. డబ్బా తేకు, అందులో ఒక్కటే ఉంటది. బండలు పెద్దవి.