క్వారీ తాబేళ్లు

ధర్మపురి జిల్లా వెల్లిచందై దగ్గర మా ఇంటి వెనక గ్రానైట్ క్వారీ మూతపడి చాలా ఏళ్లయింది. నేను కాపురానికి వచ్చేసరికే గుంతలో వాననీళ్లు నిలిచి, చుట్టూ తుమ్మలు కమ్ముకున్నాయి. బండల సందుల్లో నక్షత్ర తాబేళ్లు ఉంటాయి. అక్కడ పెద్ద పెద్ద గోడౌన్లు కడతారని తెలిసి కలెక్టరాఫీసులో తమిళంలో అర్జీ ఇచ్చింది నేనే. జంతుశాస్త్రం చదివినదాన్ని కదా. సోమవారం అటవీశాఖాయన వచ్చి చూస్తాడని, తాబేళ్లు కనబడితేనే అర్జీ నిలుస్తుందని చెప్పారు.

శనివారం మూడేళ్ల మా పాప గౌనులో ఒక తాబేలు పిల్లను పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అత్తగారు సంగటి తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తాబేలు దూరిన ఇల్లు నిలవదని మా వైపు అందరూ అంటారు. ఆ సాయంత్రానికే పాపకు జ్వరం.

"నీ సదువు నీదేమ్మా. బిడ్డ మాత్రం మనది," అంది అత్తగారు.

మర్నాడు ఆవిడా పక్కింటావిడా గోనెసంచితో క్వారీలోకి దిగారు. దొరికిన తాబేళ్లన్నిటినీ ఏరుకుని మహేంద్రమంగళం అవతల గుట్టల్లో వదిలేస్తామన్నారు. వద్దనాల్సింది. పాప నుదురు నా అరచేతి కింద కాలిపోతోంది. ఏమీ అనలేదు.

అది గొంతు వాపు జ్వరమని ధర్మపురి డాక్టరు చెప్పాడు. సోమవారానికి తగ్గింది.

అటవీశాఖాయన గంటసేపు బండలన్నీ తిరిగాడు. ఒక్కటీ లేదు. ఎక్కడున్నాయమ్మా అని నన్నే అడిగాడు. ఆ తాబేళ్లను పట్టుకోవడం నేరమని అర్జీలో రాసిందీ నేనే. నిజం చెబితే అత్తగారి మీద కేసు, చెప్పకపోతే క్వారీ పోతుంది. ఎండకు దాక్కున్నాయేమో, ఇంకొకసారి చూడండి సార్ అన్నాను. గురువారం వస్తాను, అదే ఆఖరు అని వెళ్లాడు.

అత్తగారికి అంతా చెప్పాను. బుధవారంలోగా వాటిని మళ్లీ తెచ్చి క్వారీలో వదలాలన్నాను.

"వదిలిన తావు చూపిస్తా," అంది. "అవి మన వాకిట్లోంచి క్వారీకి పోయేటప్పుడు మాత్రం బిడ్డ ఇంట్లో ఉండకూడదు. మీ అమ్మోళ్లింటికి పంపించు."

"అదంతా ఉత్తదే కదత్తా."

"ఉత్తదైతే ఆ పొద్దు నోరెందుకు మూసుకోనుంటివి?"

రేపు ఇద్దరం ఆ గుట్టలకు వెళ్లాలి. తిరిగొచ్చే దారిలో ఎవరైనా సంచి విప్పి చూస్తే ఇద్దరమూ దొరికిపోతాం. అంతకన్నా భయం ఇంకొకటి ఉంది. అది పాప గురించి. చదువుకున్నదాన్ని, కాగితం మీద పెట్టడానికి కూడా సిగ్గుగా ఉంది.

పాప బట్టలు సర్దేశాను.