ఖానా కాదు, ఉప్మాయే

మా ఇంట్లో శనివారం పగలు అన్నం వండేదాన్ని కాదు. మా ఆయనకి శనివారాలు ఒక్కపొద్దు. పొద్దున్న ఉప్మాయో అటుకులో తిని, టీ తాగి పనిలోకి వెళ్లేవారు. సాయంత్రం స్నానం చేసి దీపం పెట్టాకే అన్నం ముట్టుకునేవారు. మధ్యలో ఎవరైనా తిన్నావా అంటే లేదు, ఉపవాసం అనేవారు. అబద్ధమని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఉప్మా ఫలహారం కిందికి వస్తుంది, ఫలహారం చేసినవాడు తిన్నవాడి కింద లెక్క కాదు. మా అత్తవారి వైపు ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెప్తారు.

ఇది డెబ్బైల చివరి సంగతి. అప్పుడు దుర్గ్ దగ్గర ఉక్కు ప్లాంటు ఊళ్లో, క్యాంప్ 2లో ఉండేవాళ్లం. మా ఆయన ప్లాంటులో పర్మనెంటు మనిషి కాదు, కాంట్రాక్టరు కింద ఫిట్టరు. అందుకని ప్లాంటు ఆస్పత్రి మాకు వర్తించేది కాదు. ఆయనకి గజ్జల దగ్గర పేగు జారి, బరువెత్తినప్పుడల్లా ఉబ్బేది. పడుకుంటే లోపలికి పోయేది. హెర్నియా అన్నారు. ఏదో ఒకరోజు లోపలికి పోకుండా బిగుసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది, ఈలోపే కోయించుకోమన్నారు. దుర్గ్ వైపు ఒక ట్రస్టు వాళ్ల చిన్న ఆస్పత్రి ఉండేది, అక్కడ చేర్చాం. మత్తు ఇచ్చే డాక్టరు ఆ ఆస్పత్రికి శనివారాలే వచ్చేవాడు. కాబట్టి ఆపరేషన్లన్నీ శనివారాలే.

కాంట్రాక్టరు ముందే చెప్పాడు. తొందరగా కోయించుకుని వస్తే సరే, ఆలస్యమైతే వేరే ఫిట్టర్ని పెట్టుకుంటానన్నాడు. అంచేత ఆ శనివారం తప్పకూడదని ఇంటిల్లిపాదికీ ఉండేది.

సాయానికి మా ఆయన అక్క, నాకు పెద్ద వదిన, విజయనగరం వైపు నుంచి వచ్చింది. పిల్లలతో నేను ఇంటిదగ్గర ఉంటే ఆవిడ ఆస్పత్రిలో ఉంది. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. ఆస్పత్రి వెనక వరండాలో రోగుల తాలూకు మనుషులు స్టవ్వులు పెట్టుకుని వండుకునేవారు. నేను ఆవిడ ఒక్కర్తికే రెండు పూటలకి సరిపడా రవ్వ, నాలుగు మిరపకాయలు, రవంత నూనె ఇచ్చి పంపాను.

శనివారం పొద్దున్న పిల్లల్ని బడికి పంపి బస్సులో వెళ్లాను. మా ఆయనకి ఆకుపచ్చ చొక్కా తొడిగేసి ఉంచారు. సిస్టర్ మలయాళీ పిల్ల, ఖచ్చితమైన మనిషి. నేను వెళ్లేసరికి అన్నం తిన్నావా అని హిందీలో అడుగుతోంది.

"ఖానా ఖాయా?"

"నహీ సిస్టర్. ఆజ్ ఉపవాస్ హై" అన్నారు మా ఆయన.

ఆ పిల్ల మెచ్చుకోలుగా తలాడించి, పక్క మంచం ముసలాయన్ని కూడా అదే అడిగింది. ఆయన ఛత్తీస్‌గఢ్ రైతు. ఆయనా నహీ అన్నాడు. సిస్టర్ వెళ్లిపోయింది.

నేను సంచి సర్దుతూ రవ్వ పొట్లం చూశాను. ఖాళీ.

"వదినా, రవ్వేటైంది?"

"వొండీసినాను."

"రెండు పూటల రవ్వ ఒక్క పూటకే ఎలా అయిపోయింది?"

"ఇద్దరం తిన్నాం గదేటే, అవదా మరి?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశారు.

"ఆపరేషన్ మనిషికి పెట్టొద్దని చెప్పలేదా?" అన్నాను.

"అన్నం పెట్టొద్దన్నారని ఆడే సెప్పినాడు. నాను అన్నం పెట్టినానా? ఉప్మాయే. అదీ శనోరం. కాళీ కడుపుతో కత్తికింద పడుకుంటే ఓపికెక్కడిది ఆడికి?"

"ఎంత తిన్నారు?"

"ఉన్నదంతాను" అన్నారు మా ఆయన నెమ్మదిగా. "అప్ప బతిమాలింది."

సిస్టర్‌తో చెప్దామని నేను లేచాను. వదిన నా కొంగు పట్టుకుంది.

"నువ్వూరుకో. సెప్తే వాయిదా ఏసెస్తారు. మళ్లీ శనోరం దాకా కూకోవాలి. ఈలోపల ఆ కంట్రాక్టు ముండాకొడుకు ఇంకోణ్ని పెట్టీసుకుంటాడు. ఉప్మా గురించేటి సెప్తావు?"

మా ఆయన కూడా వద్దన్నట్టే చెయ్యి ఊపారు. మత్తుకీ ఉప్మాకీ ఏం సంబంధమో అప్పటికి నాకూ తెలీదు. కానీ డాక్టరు ఒకటి వద్దన్నాడంటే, ఎందుకు వద్దన్నాడో తెలియనప్పుడు దాన్ని మనకి తోచినంత మేరకి కుదించుకోకూడదు. కొంగు విడిపించుకుని వెళ్లి, నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఖానా తినలేదు గాని ఉప్మా తిన్నారన్నాను.

మలయాళీ పిల్లకి ఉప్మా అంటే తర్జుమా అక్కర్లేకపోయింది. చేతిలో ట్రే అక్కడే కిటికీలో పెట్టి లోపలికి పరిగెత్తింది.

మత్తు డాక్టరు బెంగాలీ ఆయన. చేతి తొడుగులు విప్పుకుంటూ వచ్చాడు. అబద్ధం ఎందుకు చెప్పావని మా ఆయన మీద విరుచుకుపడ్డాడు.

"ఝూఠ్ నహీ, సాబ్. ఖానా నహీ ఖాయా. ఉప్మా ఖాయా."

వార్డులో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు నవ్వలేదు. మత్తులో గొంతుకి కాపలా ఉండదు, కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, బల్ల మీదే పోయేవాడు అని మాకు అర్థమయ్యేలా చెయ్యి గొంతు దగ్గర పెట్టి చూపించాడు. నేను వదినకి తెలుగులో చెప్పాను. ఆవిడ ఖాళీ రవ్వ పొట్లం తీసి సంచి అడుగుకి తోసేసింది.

కొంచెంసేపటికి డాక్టరు కోపం చల్లారింది. ఏమని అడిగావని సిస్టర్ని అడిగాడు. ఆ పిల్ల చెప్పింది. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, పక్క మంచం ముసలాయన దగ్గరికి వెళ్లాడు. తిన్నావా అని అడగలేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నోట్లోకి ఏమేం వెళ్లిందో చెప్పు బాబా, నీళ్లతో సహా అన్నాడు.

ముసలాయన ఆలోచించి, చాయ్ అన్నాడు. ఇంకా? చాయ్‌లో ముంచుకుని బిస్కెట్లు. ఇంకా? ఇంటినుంచి తెచ్చిన రెండు అరటిపళ్లు.

"మరి సిస్టర్‌తో నహీ అన్నావేం?"

"ఆవిడ ఖానా గురించి అడిగింది. చాయ్ ఖానా ఎలా అవుతుంది సాబ్?"

ఆ రోజు మా ఆయనతో పాటు ముసలాయన ఆపరేషనూ ఆగింది. ఇద్దర్నీ వచ్చే శనివారం దాకా అక్కడే ఉంచేశారు.

తరవాత వారమంతా చెయ్యమని డాక్టరు సిస్టర్‌కి ఒక పని అప్పగించి వెళ్లాడు. పొద్దున్నే ఫలహారం వేళ దాటాక, ఎవరికీ ఆపరేషన్ లేకపోయినా, మంచం మంచానికీ వెళ్లి ముందు పాత ప్రశ్న, ఆ వెంటనే కొత్త ప్రశ్న వేయాలి. నేను రోజూ వెళ్తూనే ఉన్నాను కాబట్టి చూశాను. తిన్నావా అంటే లేదన్న నోరే, నోట్లోకి ఏం వెళ్లిందంటే మరమరాలని, పాలని, ప్రసాదమని చెప్పేది. వ్రతం చేసే ఉత్తరాది ఆవిడ ఉడకబెట్టిన బంగాళాదుంపల దగ్గర మొదలుపెట్టి చాలా దూరం వెళ్లింది. జనం దాచడం లేదు. అడిగినదానికే జవాబిస్తున్నారు. వారం తిరిగేసరికి పాత ప్రశ్న ఆ వార్డులో అందరూ అడగడం మానేశారు.

మన తెలుగువాళ్లని ఎలా అడగాలని సిస్టర్ నన్నడిగింది. "లేచిన కాణ్నించి నోట్లోకి ఏటేటి ఎల్లింది?" అని చెప్పాను. ఆ పిల్ల దాన్ని మలయాళం అక్షరాల్లో అరచేతిమీద రాసుకుంది. చేతులు కడుక్కున్నప్పుడల్లా పోయేది, మళ్లీ రాసుకునేది. రెండు రోజుల్లో నోటికొచ్చేసింది.

వదిన ఆ వారం నాతో సరిగ్గా మాట్లాడలేదు.

"తమ్ముణ్ని సంపడానికొచ్చినాననుకున్నావా?" అంది ఒకసారి.

"లేదు. రవ్వ ఎక్కువ పోశావు, అంతే" అన్నాను.

వారం మధ్యలో కాంట్రాక్టరు వేరే మనిషిని పెట్టుకున్నాడు. సెక్టర్ 2 నుంచి వచ్చిన తెలుగాయన ఆ కబురు తెచ్చాడు. మా ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు. వదిన నావైపు తిరిగి, "పని ఉప్మా వల్ల పోనేదు. నీ నోటి వల్ల పోయింది" అంది. పోయినమాట నిజమే. తరవాత ఆయనకి మళ్లీ పని దొరకడానికి చాలా కాలం పట్టింది. ఆ రోజుల్లో నేను ఇంటికి కొన్నది ఉప్పూ, కిరసనాయిలూ, బియ్యమూ తప్ప ఏమీ లేదు.

రెండో శనివారం నేను వెళ్లేసరికి వదిన మంచం తలవైపు కాపలా కూర్చుని ఉంది. సంచులన్నీ తన వెనక పెట్టుకుంది. పక్క మంచం ముసలాయన చాయ్ గ్లాసు కోసం ఎవరినో పిలుస్తుంటే, భాష రాకపోయినా వేలు చూపించి కూర్చోబెట్టింది.

సిస్టర్ వచ్చి తెలుగులోనే అడిగింది. ఆ యాస వింటే మా ఆయనకి నవ్వొచ్చింది.

"పళ్లపొడి" అన్నారు. "పుక్కిలించిన నీళ్లు."

"అవి మింగావా?" అన్నాడు వెనకనుంచి మత్తు డాక్టరు హిందీలో.

"రవంత దిగుంటుంది సాబ్."

నేను చెప్పకుండానే వదినకి విషయం అర్థమైంది. "దిగనేదు. నాను సూసినాను. ఉమ్మీసినాడు" అంది.

ఆ మాట నేను హిందీలో చెప్తే డాక్టరు మొదటిసారి నవ్వాడు. తీసుకెళ్లమన్నాడు.

తలుపు మూసేశాక వదినా నేనూ బెంచీమీద కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక బయటికి తెచ్చారు. ముఖం పాలిపోయి ఉంది, పెదాలు ఎండిపోయాయి, ఊపిరి మాత్రం బాగా ఆడుతోంది. వదిన ఆయన ఛాతీమీద చెయ్యి వేసి అది లేచి దిగడం చూసింది. సిస్టర్ సెలైన్ సీసా తగిలించి, వెళ్తూ వెళ్తూ నాతో, "ఆజ్ ఖానా మత్ దేనా" అంది. ఇవాళ ఏమీ పెట్టొద్దంటోందని వదినకి చెప్పాను.

వదిన లేచి సిస్టర్‌కి అడ్డంగా నిలబడింది.

"ఖానా అంటే నాకు తెల్దు. ఏటేటి పెట్టకూడదో ఒక్కొక్కటీ సెప్పమను."

నేను ఆ మాట హిందీలో చెప్పాను. సిస్టర్ వెనక్కి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, నీళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టింది.