నువ్వు అనకూడని ఇల్లు

పోర్చుగల్‌లోని కుయింబ్రాలో నల్ల అంగీ వేసుకుని యూనివర్సిటీ మెట్లెక్కే ప్రతివాడూ డాక్టరుగారే. చదువు పూర్తయిందా, అసలు మొదలయిందా అని ఎవరూ అడగరు. డెన్మార్క్ నుంచి పోర్చుగీసు నేర్చుకోవడానికి వచ్చిన సోల్వైకి మొదటి వారంలోనే ఈ ఊరి మీద చులకన పుట్టింది. వాళ్ల దేశంలో పాఠం చెప్పేవాళ్లని కూడా పేరు పెట్టి పిలుస్తారు, నువ్వనే అంటారు. పుస్తకంలో ‘అమ్మగారు’, ‘తమరు’ అంటూ మర్యాదలు నేర్పే పేజీలు వచ్చినప్పుడు ఆమె చదవకుండా తిప్పేసింది. మనుషులకి నువ్వు చాలు, మిగతాదంతా బానిసల కాలం నాటి చెత్త అని ఆమె అభిప్రాయం.

ఆ అభిప్రాయాన్ని పెట్టెతో పాటు మోసుకుంటూ వచ్చి, వీధంతా గౌరవంగా ‘దోనా’ అని పిలిచే ఎర్మీనియా ఇంట్లో అద్దెకు దిగింది. ఎర్మీనియా డెబ్భై దాటిన మనిషి, భర్త లేడు. విద్యార్థులకి గదులిచ్చి, వండి పెడుతుంది.

“ఎర్మీనియా, నువ్వు ఆ ఉప్పు ఇటిస్తావా?” అంది సోల్వై మొదటిరోజు భోజనాల దగ్గర, తప్పు లేకుండా పలికానన్న మురిపెంతో.

ఎర్మీనియా తల తిప్పలేదు. పక్కనున్న అబీలియుతో అంది: “డాక్టరుగారూ, ఈ అమ్మాయి ఎవరితో మాట్లాడుతోందో కాస్త కనుక్కోండి. ఈ ఇంట్లో నువ్వనిపించుకునేవాళ్లు ఎవరూ లేరే. కుక్క ఉండేది, అది కూడా పోయిన ఏడే చచ్చిపోయింది.”

అబీలియు ముప్పై దాటినా ఇంకా లా చదువుతున్న విద్యార్థి. ఉప్పు అతనే అందించాడు. భోజనాలయ్యాక సోల్వై అతన్ని మెట్ల దగ్గర పట్టుకుంది.

“నువ్వు దేనికి డాక్టరువి?”

“దేనికీ కాదు. డాక్టరు కానివాడికి అన్నం పెడుతోందని తెలిస్తే వీధిలో ఆవిడ పరువేం కాను?”

“సిగ్గుగా లేదూ?”

“మొదట్లో ఉండేది.”

సోల్వై మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. తను మాత్రం ఎవరికీ వంగేది లేదనుకుంది.

పొద్దుటిపూట క్లాసు. అక్కడ క్రియలు వల్లించిన విదేశీ పిల్లలంతా గుమ్మం దాటగానే ఇంగ్లీషులోకి జారుకునేవారు. మధ్యాహ్నం కాఫీ కొట్టులో ఆమె పోర్చుగీసులో అడిగితే కుర్రాడు ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు. అతని ఇంగ్లీషు ఆమె పోర్చుగీసు కన్నా అధ్వాన్నం. రొట్టెల కొట్లోనూ అంతే, మందుల షాపులోనూ అంతే. పసుపుపచ్చ జుట్టు కనిపిస్తే చాలు, ఊరంతా వచ్చీరాని ఇంగ్లీషు ఒలకబోస్తుంది. చలి మొదలయ్యేసరికి సోల్వైకి సంగతి అర్థమైంది. తనకు తెలిసినవాళ్లలో ఇంగ్లీషు ముక్క రానిది ఒక్క ఎర్మీనియాకే. ఆవిడేమో పలకదు.

సరే, మర్యాదేగా కావాల్సింది, అందులోనే ముంచేద్దాం అనుకుంది. తిప్పేసిన పేజీలు వెనక్కి తిప్పి చదివింది. ఆ రాత్రి భోజనానికి కూర్చుని, “మహాఘనత వహించిన దోనా ఎర్మీనియా అమ్మగారు దయతలచి ఆ రొట్టె ఇటు ఇప్పిస్తారా?” అంది.

అబీలియుకి సూపు పొలమారింది.

ఎర్మీనియా మాత్రం నిదానంగా రొట్టె కోసింది. “రొట్టెకేం భాగ్యం. అమ్మాయికి చివరి ముక్క ఇష్టమా, మధ్యదా?” అని మొదటిసారి సోల్వైనే అడిగి, అబీలియు వైపు తిరిగి, “చూశారా డాక్టరుగారూ, ఇన్నాళ్లకి నాలుక తిరిగింది పాపం” అంది.

వెక్కిరింత ఆవిడని తాకనేలేదు. తనకు రావలసిందే వచ్చినట్టు పుచ్చుకుంది. సోల్వైకి ఒళ్లు మండింది కానీ, ఆ రోజు నుంచి ఎర్మీనియా మాట్లాడటం మొదలుపెట్టి ఇక ఆపలేదు. ఉప్పుచేప నానబెడుతూ, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, కింది వాటా కోడలి బద్ధకం నుంచి ఫాదిరీగారి చెల్లెలి సవరం దాకా ఊళ్లో ఎవరినీ వదిలేది కాదు. సోల్వై జవాబులో క్రియ తప్పితే సరిదిద్దేది కాదు, సరిగ్గా వచ్చేదాకా “ఏంటీ?” అంటూ ఉండేది. ఎగతాళికి ఎత్తుకున్న ‘అమ్మగారు’ సోల్వై నోట్లో అలాగే స్థిరపడిపోయింది.

జూన్‌లో మౌఖిక పరీక్ష పెట్టినావిడ వయసులో చిన్నది. “నన్ను నువ్వనే పిలు, ఇక్కడ బెట్టుసరేం లేదు” అంది.

“తమరు అలా సెలవిస్తే నేనేమైపోవాలండీ” అంది సోల్వై. నోరు ఆమెని అడక్కుండానే అనేసింది.

పరీక్షకురాలు కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. “మా అమ్మమ్మ లేచొచ్చినట్టుంది” అంది. మార్కులు బాగానే వేసింది. సోల్వైకి మాత్రం ఇంటికొచ్చేదాకా చెవులు మండుతూనే ఉన్నాయి.

సంగతి విని ఎర్మీనియా పెదవి విరిచింది. “నవ్విందా? ఎవరి పిల్లో ఆవిడ?”

“తెలియదండీ.”

“తెలియక్కర్లేదులే. పాఠం చెప్పేవాళ్లే నువ్వనిపించుకోడానికి సరదా పడుతుంటే, ఆ కాలేజీలో ఏం ఏడుస్తుంది చదువు. అమ్మాయి ముందు తినాలి, చల్లారిపోతోంది.”

జూలైలో సోల్వై తన దేశం వెళ్లిపోయింది. ఒక ఆదివారం ఎర్మీనియాకి ఫోను చేసింది. భాష తెలియకపోయినా వాళ్లమ్మ చాలాసేపు గమనించింది.

“ఎవరా మహారాణి? లేచి నిలబడి మరీ మాట్లాడుతున్నావు?”

“నేను అద్దెకున్న ఇంటావిడ.”

“అద్దె పుచ్చుకునే మనిషికా ఇంతలా వంగిపోవడం? నేను నిన్నిలా పెంచలేదే.”

సోల్వై ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, “కాసేపు నువ్వు ఊరుకో అమ్మా. ఆవిడ ఎవరినో తిడుతున్నారు, ఒక్క మాట కూడా పోకూడదు” అంది.