ఉపవాసమా, సత్యాగ్రహమా

సహోదరులారా, నేను బాగేపల్లి పక్క పటేళ్ళ ఇంటివాణ్ణి, మా తాత వీధిలో నడిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట, ఆ భూములు పోయినాయి, ఆ ఇల్లు పోయింది, నాకు మిగిలింది ఒక చెక్క చేను, వంగని ఈ వీపు. ఆ చేని గట్టు తగాదాలో మా చిన్నాయన కొడుకు తన తల పగిలిందని నా మీద కేసు పెడితే, విచారణ ఖైదీగా జైల్లో పడినాను. ఆ రోజులు నిద్రలో నడిచినట్టే గుర్తున్నాయి. పైకిటికీలోంచి తెల్లని వెలుగు దిగి గోడ మీద మెల్లగా జరుగుతూ ఉండేది, ఎక్కడినుంచో నందికొండ మంచు వాసన వచ్చినట్టుండేది, ఆ వెలుగులో కూడా మా వాడి ముఖమే కనిపించి కోపం భగ్గుమనేది.

అక్కడ నా మాదిరే ఖైదీగా పేరేసంద్ర ఊరి దర్జీ యాకోబన్న ఉండేవాడు. అన్నం తట్ట పట్టుకొని వరసలో నిలబడటం నాకు నామోషీ అని కనిపెట్టి, "ఏమప్పా పటేలు మనవడా, ముద్ద నీ కాడికి నడిచొస్తుందా?" అని నవ్వేవాడు. ఆయనే నాకు ప్రార్థన నేర్పినాడు. "ప్రభువా, ఈ కోపం తీసేసుకోవడం నా చేత కాదు, నువ్వే తీసెయ్యి" అని ప్రతి శుక్రవారం పొద్దు గూకేదాకా ఉపవాసం పట్టినాను.

ఎందుకు తినలేదని వార్డరు అడిగితే "ఉపవాస" అన్నాను. కన్నడ సీమలో తెలుగు మాట్లాడే మన ఇళ్ళలో అది దేవుని ముందర ఉండటం, ఆయన కన్నడ చెవికి అది ఉపవాస సత్యాగ్రహం, జైలు రూల్సులో నేరం. నా భార్య రత్నమ్మ చింతామణిలో బస్సెక్కి నన్ను చూడటానికి వస్తే, ఆ నేరానికి శిక్షగా ఆమెను గేటు కాడినుంచే తిప్పి పంపినారు. ఇకమీద ఉపవాసం ఉండనని ఒక్క మాట చెప్పు, వచ్చే వారమే ఆమెను చూడచ్చు అన్నారు. ఆ మాట ఎంత సులువో, సహోదరులారా, అయినా నా నోరు తెరుచుకోలేదు. వంశపు మొండితనం అనుకున్నారు. కాదు, నా ప్రార్థన ఇంకా సగంలో ఉంది, మధ్యలో లేచి రాలేకపోయినాను.

ఉచితంగా వాదించే ఒక లాయరమ్మ పైకోర్టుకు పోయింది. జైల్లోనే నన్ను వీడియో తెర ముందర కూర్చోబెట్టినారు, జడ్జిగారు నీళ్ళ అడుగున ఉన్న మనిషిలా కదులుతూ కనిపించినారు.

"నీ డిమాండ్ ఏమప్పా?"

"సర్కారును ఏమీ అడగలేదు స్వామీ. దేవుణ్ణి అడుగుతాండాను."

"ఏమని?"

"నా కోపం తీసెయ్యమని."

అక్కడ ఎవరో నవ్వినారు, జడ్జిగారు నవ్వలేదు. సర్కారును అడిగితే సత్యాగ్రహం, ఇతను అడిగేది సర్కారు ఇవ్వగలిగింది కాదు, గేటు కాడ ఖైదీ గడియారం, బెల్టు తీసిపెట్టుకోవచ్చు గానీ రాజ్యాంగం ఇచ్చిన మతస్వేచ్ఛను తీసిపెట్టుకోలేరు, ఇతని వంతు అన్నం సాయంకాలానికి ఉంచండి, భార్యను చూడనియ్యండి అని తీర్పు ఇచ్చినారు. దేవునికే మహిమ.

రత్నమ్మ వచ్చింది. ఇనుప జాలీకి అవతలినుంచి నన్ను కిందా మీదా చూసి "సన్నబడినారు" అనింది. ఆపైన భయం భయంగా, "మీ చిన్నాయన కొడుకు నాతోనే వచ్చినాడు, బయట నిలబడుండాడు. రమ్మందునా?" అని అడిగింది. నేను కళ్ళు మూసుకొని ఆ కోపం కోసం లోపలంతా వెతికినాను, తెల్లారినాక కల దొరకనట్టు అది నాకు దొరకలేదు.

"పిలువు, ఎండలో ఉండాడేమో" అన్నాను.

అడుక్కునే హక్కు నాకు కోర్టు నిలబెట్టింది, అడిగినది ఇచ్చినవాడు నా యేసుప్రభువు, ఆయనకే నా వందనాలు. ఎవరి పేరు వింటే మీకు ముద్ద గొంతు దిగదో, ఆ పేరును ఆయన ముందర పెట్టి, నమ్మి, కనిపెట్టుకొని ఉండండి.