నీళ్లను గీసుకుంటూ పోయిన పక్షి

నేరేడుచర్ల మా ముగ్గురికీ మధ్యలో పడుతుంది. నేను సూర్యాపేట నుంచి గరిడేపల్లి మీదుగా స్కూటీ మీద వస్తాను. సేటు మిర్యాలగూడ నుంచి కారులో వస్తాడు. అక్క కోదాడలో పొద్దున్నే బస్సెక్కి, హుజూర్‌నగర్‌లో మారి, షేర్ ఆటోలో దిగుతుంది. ఆదివారం పూట టీ కొట్టు దగ్గర కలుసుకుని, నా స్కూటీ అక్కడే పెట్టేసి, ముగ్గురం కారులో పాలకవీడు దాటి కృష్ణ ఒడ్డుకు పోతాం. చలికాలం పోతూ నీళ్లు తగ్గాయంటే నది నడుమ ఒక ఇసుక లంక బయటపడుతుంది. అటు ఒడ్డు ఆంధ్ర, ఇటు ఒడ్డు తెలంగాణ, మధ్యలో ఆ లంక పక్షులది. ఒడ్డున ఉండే పడవాయన మమ్మల్ని అక్కడికి తీసుకుపోతాడు.

నాది కళ్లద్దాల దుకాణం. కళ్లు పరీక్ష చేస్తాను, అద్దాలు బిగిస్తాను. ఫ్రేముల కోసం హైదరాబాద్ పోయినప్పుడు ఒకసారి బైనాక్యులర్ కనిపిస్తే అమ్ముదామని తెచ్చాను. ఎవరూ కొనలేదు. ఒక మధ్యాహ్నం గిరాకీ లేక, ఎదురుగా కరెంటు తీగ మీదున్న ఆకుపచ్చ పిట్టను దాంతో చూశాను. రోజూ చూసే పిట్టే. కానీ దాని కంటి మీదుగా నల్లటి గీత ఉందని, తోక మధ్యలోంచి సూదుల్లాంటి ఈకలు బయటికొచ్చాయని అప్పటిదాకా నాకు తెలియదు. అది తేనెటీగను పట్టి, తీగకేసి కొట్టి కొట్టి, ముల్లు పోయాక మింగింది. దుకాణంలోకి ఎవరో వచ్చి పిలిచేదాకా నేను చూస్తూనే ఉన్నాను. ఆ బైనాక్యులర్ మళ్లీ అమ్మకానికి పెట్టలేదు.

సేటుది తాతల నాటి రైస్ మిల్లు. ఆరబోసిన వడ్ల మీద వాలే పిట్టలను తోలించడంతోనే ఆయనకు పిట్టలతో పరిచయం. పొద్దుగూకితే ఇవన్నీ ఎక్కడికి పోతాయో చూద్దామని ఒకరోజు వాటి వెంట కారేసుకుని పోతే, త్రిపురారం దగ్గర కాలువ గట్టు మీది తుమ్మచెట్లలో దిగాయట. అక్కడ వాటి గోల వింటూ చీకటి పడేదాకా నిలబడ్డాడట. అక్క కోదాడలో ఒక దవాఖానలో నర్సు. మా ఇద్దరి కంటే ముందు నుంచీ పక్షులను చూస్తోంది. ఆదివారం పొద్దుటి ప్రార్థనకు రావడం లేదేమని పాస్టరు గారు అడిగితే, "సాయంత్రం వస్తానండి అయ్యగారూ. పొద్దున ప్రభువు చేసినవాటినే చూడ్డానికి పోతున్నా" అని చెప్పిందట. రాష్ట్రంలో పక్షులు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అందులో మా ముగ్గురికీ ఒకరి ఊరు ఒకరికి తెలిసి, ఇట్లా కలిశాం.

ఒక ఆదివారం లంక మీద దిగాక సేటు ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పంచుతున్నాడు. నేనూ ఆయనా అంతకుముందు చూసిన ఒక బూడిద రంగు పిట్ట గురించి వాదించుకుంటున్నాం. ఫోన్లో బొమ్మలు తీసి, కాలు రంగు ఇది కాదంటే ఇది కాదని. అక్క కొంచెం దూరంగా నీళ్ల అంచున నిలబడి ఉంది.

"ఇప్పుడు పోయిందే, దాన్ని చూశారా మీరు?" అంది వెనక్కి తిరిగి.

"ఏది?" అన్నాను.

"ముక్కు నీళ్లలో పెట్టుకుని గీసుకుంటా పోయింది. నారింజ రంగు ముక్కు. కింది దవడ పైదాని కంటే పొడుగ్గా ఉంది."

సేటు చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని లేచాడు. ముగ్గురం ఆమె చూపించిన వైపు చాలాసేపు చూశాం. తెల్లటి టెర్న్ పక్షులు తప్ప ఏమీ కనిపించలేదు. మా నదిలో అవి మామూలే. వాటి ముక్కు పసుపు, అవి నీళ్ల మీద వాలి లేస్తుంటాయి.

అక్క చెప్పిన గుర్తులు స్కిమ్మర్‌వి. పుస్తకంలో మేం ముగ్గురం చూసి ఆశపడ్డ పక్షి అది. ఎక్కడో ఉత్తరాది పెద్ద నదుల్లో, ఒడిశా వైపు ఉంటుంది. మా వైపు వచ్చిందంటే వింతే. ఆ సాయంత్రం అక్క గ్రూపులో రాసింది. ఫొటో ఉందా అని అడిగారు. లేదంది. హైదరాబాద్‌లో ఉండే ఒక పెద్దమనిషి, గ్రూపులో అందరూ గౌరవించేవాడు, మర్యాదగానే జవాబిచ్చాడు. ఎండ పడితే టెర్న్ ముక్కు నారింజ రంగులో కనిపించవచ్చనీ, మనసులో ఉన్నది కంటికి కనిపించడం అందరికీ జరుగుతుందనీ రాశాడు. దాని కింద చాలామంది అవునన్నట్టు బొటనవేలి గుర్తులు పెట్టారు. అక్క "కావచ్చు సార్" అని రాసి ఊరుకుంది.

నిజానికి నేను కూడా ఆయన వైపే ఉన్నాను. నా పని అట్లాంటిది. గోడ మీద అక్షరాలు చదవమంటే మనుషులు కనిపించినవి చదువుతారు, కనిపించనివి ఊహించి చదువుతారు. 'ప' కనిపించకపోతే 'వ' అంటారు. అబద్ధం చెప్పాలని కాదు. కన్ను ఆగిపోయిన చోట మనసు పూర్తి చేస్తుంది. చదువుకున్నవాళ్లు ఇంకా ఎక్కువ ఊహిస్తారు. అక్క కూడా ఆ పక్షి బొమ్మను ఎన్నిసార్లు చూసిందో నాకు తెలుసు. ఈ మాట ఆమెతో అనలేదు గానీ, సేటుతో అన్నాను.

"అయితే అయి ఉంటది," అన్నాడు సేటు. "కానీ కింది దవడ పొడుగని ఎట్ల సెప్పింది?"

"పుస్తకంలో ఉన్నది గదన్నా."

"అవు, ఉన్నది." మళ్లీ తనే, "అయినా పోయి సూద్దాం జర," అన్నాడు.

వరసగా కొన్ని ఆదివారాలు పోయాం. కొన్నిసార్లు అక్కకు సెలవు దొరికేది కాదు. స్కిమ్మర్ కనిపించలేదు. మేం పడవలో నుంచి కళ్లు చికిలించి నీళ్ల మీద చూడటం పడవాయనకు అర్థమయ్యేది కాదు. "సేపలు పట్టరు, దావత్ సెయ్యరు. ఏం పోగొట్టుకున్నరు మీరు గీడ?" అనేవాడు నవ్వుతూ.

ఆ మధ్యలో ఒకరోజు అక్క చెప్పా పెట్టకుండా సూర్యాపేటలో నా దుకాణానికి వచ్చింది. ఎవరి కళ్లయినా చూపించడానికి వచ్చావా అని అడిగాను.

"నేనే చూపించుకుందామని వచ్చా. నా కళ్లెట్లా ఉన్నాయో చూడు," అంది కుర్చీలో కూర్చుంటూ.

ఆమె ఎందుకు వచ్చిందో నాకు అర్థమైంది. గోడ మీది అక్షరాల లైటు వేశాను. ఒక కన్ను మూసి చదవమన్నాను. పై నుంచి చకచకా చదువుకుంటూ వచ్చింది. చాలామంది ఆగిపోయే వరసలు కూడా దాటేసింది. చిట్టచివరి వరసలో మొదటి రెండు అక్షరాలు చదివి ఆగింది.

"మూడోది కనపడట్లేదు," అంది.

"అక్కా, ఎట్లున్నదో అంచనాకు సెప్పు."

"కనపడంది ఎట్లా చెప్పనమ్మా?"

రెండో కన్నుకూ అంతే. కనిపించినంతవరకు చదివింది, కనిపించని చోట లేదంది. దగ్గరి చూపుకు అద్దాలు కావాలి, దూరపు చూపు నాకంటే బాగుంది. ఆమె కళ్ల సంగతి అంతే. కానీ నేను ఆ రోజంతా ఆలోచించింది కళ్ల గురించి కాదు. అంచనాకు చెప్పమని నేనే అడిగినా చెప్పని మనిషి, నది మీద చూడనిదాన్ని చూశానని ఎట్లా అంటుంది? ఆమెను బస్సెక్కించి వచ్చి సేటుకు ఫోన్ చేశాను. "అన్నా, అక్క సూసింది నిజమే," అన్నాను. మాకు అప్పటికీ ఆ పక్షి కనిపించలేదు.

ఎండలు ముదురుతుండగా లంక మీద ఇంకో సంగతి బయటపడింది. పడవ దిగగానే టెర్న్‌లు అరుచుకుంటూ మా నెత్తి మీదికి దూకాయి. సేటు టోపీ ఎగిరి పడింది. టోపీ తీసుకోబోయి వంగినవాడు అట్లాగే ఆగిపోయాడు. "కదలకుండ్రి," అన్నాడు మెల్లగా. ఆయన పాదం పక్కనే ఇసుకలో చిన్న గుంట, అందులో ఇసుక రంగు మచ్చల గుడ్లు. చూపు కుదిరాక అట్లాంటి గుంటలు చుట్టూ కనిపించాయి. మేం వేసిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వచ్చి పడవెక్కాం. ఆ రోజు నుంచి లంక మీద కాలు పెట్టలేదు. దూరంగా పడవ ఆపి చూసేవాళ్లం.

ఆ తరువాతి ఆదివారం అక్కకు డ్యూటీ. నేనూ సేటూ పోయాం. పడవ ఇంకా లంకకు దూరంగానే ఉంది. ఇసుక అంచున కూర్చున్న టెర్న్‌ల పక్కన నల్లటి వీపులు కనిపించాయి. బైనాక్యులర్ పెట్టాను. నారింజ రంగు ముక్కులు. పడవ ఊగుతోంది, అయినా స్పష్టంగా కనిపించాయి. వాటిలో ఒకటి లేచి, నీళ్ల మీదికి దిగి, నోరు తెరిచి కింది ముక్కును నీళ్లలో దించింది. రెక్కలు నీళ్లకు తగలకుండా పైపైనే ఆడిస్తూ తిన్నగా పోయింది. దాని వెనక నీటి మీద సన్నటి గీత పడింది.

"బట్ట సింపినట్టు పోతున్నది గదా," అన్నాడు పడవాయన. మొదటిసారి ఆయన కూడా తెడ్డు ఆపి చూశాడు.

సేటు ఫోన్ కెమెరాను బైనాక్యులర్‌కు ఆనించి వీడియో తీశాడు. ఊగిపోతున్నా ముక్కు తెలుస్తోంది. నేను అక్కకు ఫోన్ చేశాను.

"డ్యూటీల ఉన్నవా అక్కా?"

"ఆఁ, చెప్పమ్మా. ఇప్పుడే ఇంజెక్షన్లు అయినాయి."

"నీ పక్షి గీడనే ఉన్నది. ఒక్కటి గాదు, మూడున్నయ్."

వార్డులో పసిపాప ఏడుపు వినిపించింది.

"కింది ముక్కు చూశావా?" అంది.

"సూసిన. సేటన్న సుత సూసిండు."

"మంచిదమ్మా," అంది.

సేటు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "అమ్మా, వీడియో తీసిన. ఇప్పుడే గ్రూపుల పెడత. ఆనాడు గట్ల మాట్లాడిండ్రు గదా, సూడనీ."

"వద్దన్నయ్యా, పెట్టకండి."

"ఎందుకు?"

"గుడ్లున్నాయి కదా అక్కడ. ఈ మాట బయటికి పోతే వచ్చే ఆదివారానికి కార్లు దిగుతాయి. ఎవరు ఎక్కడ కాలు పెడతారో. పిల్లలు ఎగిరేదాకా ఆగుదాం."

"వాళ్లు నిన్ను నమ్మలే గదమ్మా."

"మీరు చూశారుగా," అంది. ఎవరో పిలిచినట్టున్నారు, పెట్టేసింది.

సేటు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆయన స్థానంలో నేనుంటే ఒడ్డెక్కకముందే పెట్టేసేదాన్ని.

మరుసటి వారం అక్క సెలవు పెట్టి వచ్చింది. స్కిమ్మర్‌లు అక్కడే ఉన్నాయి. ఆమె కళ్ల దగ్గరి నుంచి బైనాక్యులర్ దించలేదు. ఎంతసేపటికో నాకిచ్చి, "వాటి కన్ను చూడు, నల్లటి టోపీలో కలిసిపోయి అసలు కనపడట్లేదు. అది దేన్ని చూసుకుని చేపను పడుతుందంటావు?" అంది. నాకు తెలియదు. ఇంటికొచ్చి వెతికితే, కంటితో కాదు, ముక్కుకు చేప తగలగానే టక్కున మూసేస్తుందని తెలిసింది. నా జీవనం కళ్ల మీద, ఆ పక్షి బతుకు ముట్టుకోవడం మీద. చాలా రోజులు ఆ సంగతే తలుచుకున్నాను.

ఎండలు గట్టిపడ్డాక స్కిమ్మర్‌లు పోయాయి. టెర్న్ పిల్లలు ఇసుక మీద పరుగెత్తాయి, కొన్నింటిని గద్దలు ఎత్తుకుపోయాయి, మిగిలినవి ఎగిరాయి. వానలు పడి, నీళ్లొచ్చి లంక మునిగాక సేటు ఆ వీడియోను అక్క పేరుతో గ్రూపులో పెట్టాడు. ఆ పెద్దమనిషి అక్కకే ఫోన్ చేశాడు. అప్పుడు తను తొందరపడ్డానన్నాడు. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగి, కారణం విన్నాక, మంచి పని చేశారన్నాడట.

ఆ ఫోన్ వచ్చినప్పుడు అక్క వార్డులో ఉంది. మాటలు విని మంచం మీదున్న ఒక పెద్దామె ఏంటో చూపించమంది. అక్క వీడియో చూపించింది.

"అయ్యో, దాని ముక్కు ఇరిగిందా?" అందట ఆ పెద్దామె.

విరగలేదని, పుట్టుకే అంతని, ఆ ముక్కుతో ఏం చేస్తుందో అక్క చేత్తో గాలిలో గీసి చూపిస్తూ చెప్పింది. పక్క మంచాలవాళ్లు కూడా లేచి కూర్చుని విన్నారట. మందులిచ్చే టైము దాటిపోయిందని ఆమె నాకు చెప్పి నవ్వింది.